1805 మైసూరు చిత్రం: ఆమె వేలు ఎక్కడికి చూపిస్తోంది?

పాతపెట్టె:

మా ఇంట్లో ఒక పాత చిత్రం ఉంది. మా అమ్మమ్మకు నాయనమ్మట. రెండున్నర అడుగుల ఎత్తు, నల్లబడిన టేకు చట్రం. ఆమె భర్త పెద్ద కామందు. ఆయనకు ఎన్ని ఎకరాల మాగాణి ఉండేదో, ఏ దావా ఏ కోర్టులో గెలిచాడో మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఆమె పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు. "కామందు గారి భార్య" అంటారు, అక్కడితో ఆగిపోతారు.

ఇలాంటి చిత్రాల గురించి వెతుకుతుంటే మైసూరు చిత్రం ఒకటి కంటపడింది. వారం రోజులుగా నా ఆలోచనంతా దాని మీదే ఉంది. థామస్ హిక్కీ అనే ఐర్లాండు చిత్రకారుడు 1805 ప్రాంతంలో వేసిన నూనె రంగుల చిత్రం అది. ముగ్గురు స్త్రీలు, ఒంటినిండా బంగారం. తల వంచుకోకుండా, చూపు తిప్పుకోకుండా సూటిగా మనవైపే చూస్తున్నారు, పెదవుల మీద సగం నవ్వు. కుడివైపు నిలబడిన అమ్మాయి ఎడమ చేయి పైట కప్పకుండా బయటికి ఉంది. ఆమె వేలు ఆ చేతినే చూపిస్తోంది.

ఈ ముగ్గురినీ చాలాకాలం నాట్యగత్తెలని అనుకున్నారట. నైజెల్ చాన్సలర్ అనే చరిత్రకారుడు 2001లో ప్రచురించిన వ్యాసంలో వీళ్లు వడయార్ల ఇంటి రాణులని, ఆ వేలు చూపిస్తున్నది మశూచి టీకా వేసిన చోటునని వాదించాడు. 2007లో సోత్‌బీస్ వారి వేలానికి ఈ చిత్రం వచ్చింది.

ఇది ఎంతవరకు నమ్మదగిన మాట? పేరు రాసిలేని ముఖానికి రెండు వందల ఏళ్ల తర్వాత పేరు పెట్టడం ఎలా సాధ్యం? పెద్దలు చెబితే మా ఇంటి చిత్రాన్ని కూడా ఆ కన్నుతో చూడాలని ఆశ.

నంజనగూడు దారి:

పాతపెట్టె గారూ, నేను పదిహేడేళ్లుగా మైసూరులో ఉంటున్నాను. ముందు ఆనాటి పరిస్థితి చెబుతాను, అది తెలియకుండా ఆ చిత్రం అర్థం కాదు.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను పడిపోయాక ఆంగ్లేయులు వడయార్ వంశాన్ని మళ్లీ గద్దె ఎక్కించారు. అలా రాజైన మూడవ కృష్ణరాజ వడయార్‌కు అప్పటికి ఐదేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. రాజ్యం నడిపింది దివాన్ పూర్ణయ్య. రాణివాసంలో పెద్ద దిక్కు లక్ష్మమ్మణ్ణి, పిల్లవాడికి నాయనమ్మ వరుస. ఆమె భర్త రెండవ కృష్ణరాజ వడయార్ 1766లోనే చనిపోయాడు. అప్పటినుంచి హైదర్ కాలంలోనూ టిప్పు కాలంలోనూ కోటలో దాదాపు బందీగా ఉంటూనే, మద్రాసులోని ఆంగ్లేయులతో రహస్యంగా మంతనాలు నడిపి, ముప్పై ఏళ్లకు పైగా వేచి ఉండి, వంశాన్ని నిలబెట్టింది. ఆమె సంగతి తెలిశాక ఆ మూడు ముఖాల్లో నడుమ ముఖమే నన్ను ఎక్కువగా పట్టి ఆపుతుంది.

చాన్సలర్ గుర్తింపు ఇది. కుడివైపు అమ్మాయి చిన్న రాణి దేవాజమ్మణ్ణి. ఎడమవైపు పెద్ద రాణి, ఆమె పేరూ దేవాజమ్మణ్ణే. నడుమ లక్ష్మమ్మణ్ణి. రాజుకూ చిన్న రాణికీ పెళ్లినాటికి పదకొండు, పన్నెండేళ్లకు మించవు. భర్తను మశూచికి పోగొట్టుకున్న లక్ష్మమ్మణ్ణి పూనుకోబట్టే ఆ చిత్రం సాధ్యమైందని, కాదనే వయసు ఆ పిల్లలకు లేదని ఆయన అంటాడు.

దీనికి ఆయన చూపే ఆధారాల్లో నాకు బలంగా తోచేది దర్బారు రికార్డు. చిన్న రాణి టీకా వేయించుకున్నాక జనం ధైర్యంగా ముందుకు వస్తున్నారని 1806 జులైలో రాసి పెట్టారు. చిత్రం కాలం, పెళ్లి కాలం, రికార్డు కాలం మూడూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి.

ఏటిగట్టు:

హిక్కీ పేరు కనబడితే ఏలూరు వాడిగా నేను మాట్లాడకుండా ఉండలేను. 1816లో ఆయన మద్రాసులో వేసిన కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ చిత్రం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ వారి దగ్గర ఉంది. ఎర్రకోటు తొడుక్కున్న మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. వారిలో ఒకరు మన కావలి వెంకట లక్ష్మయ్య అని చెబుతారు. ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. మెకంజీ కోసం ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్లు తీసి, కైఫీయతులు అనే ఊళ్ల చరిత్రలు రాయించి, తాటాకు గ్రంథాలు సేకరించింది వాళ్లు. పెద్దవాడు బొర్రయ్య 1803లోనే పోయాడు, లేకపోతే ఆ చిత్రంలో ఆయనే నిలబడి ఉండేవాడని నా నమ్మకం.

మూడు తరాలుగా ఆ చిత్రాన్ని "మెకంజీ చిత్రం" అనే విన్నాం. అందులో ఒక తెలుగు మనిషి ఉన్నాడని నాకు నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది. తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. పాతపెట్టె గారి ఆవేదన నాకు బాగా అర్థమవుతుంది.

హిక్కీ గురించి ఇంకొంచెం. డబ్లిన్‌లో పుట్టి, 1824లో మద్రాసులోనే కన్నుమూశాడు. శ్రీరంగపట్నం యుద్ధం ముగిసిన వెంటనే అక్కడికి వెళ్లి సైనికాధికారులనూ టిప్పు కొడుకులనూ గీశాడు. దివాన్ పూర్ణయ్య చిత్రం కూడా ఆయనదే. మైసూరు దర్బారుకు కొత్తవాడు కాదు గనుక రాణివాసం గడప దాకా రాగలిగాడంటే ఒప్పుకోవచ్చు.

చంద్రవంక:

మాది నగల పని చేసే ఇల్లు. మా తాత కుంపటి ముందు కూర్చుంటే ఊదుగొట్టం అందిస్తూ పెరిగాను. ముఖాలకంటే ముందు నా కన్ను నగల మీదికే పోతుంది.

చాన్సలర్ రెండు నగల మాట ఎత్తాడు. ఒకటి రవిక చేతుల మీద బిగిసిన బరువైన బంగారు కడియాలు, రెండు తల మీది భారీ అలంకారం. అవి వడయార్ రాణుల గుర్తులని ఆయన తీర్పు. ఇందులో నేను సగమే ఒప్పుకుంటాను. దండకడియం గానీ వంకీ గానీ పాపిటబిళ్ల, రాగిడి గానీ దక్షిణాదిలో ఒక్క రాణుల సొత్తు కావు. దేవాలయాల్లో నాట్యం చేసినవాళ్లకూ ఇవే, కామందుల ఇళ్లలో పెళ్లికూతుళ్లకూ ఇవే. తేడా ఉంటే బరువులో ఉంటుంది, రాళ్ల నాణ్యంలో, పనితనంలో ఉంటుంది. రంగుల్లో వేసిన బంగారాన్ని తూచి చూడలేం కదా.

అయితే ఒక్క మాట. నగను ఎదురుగా పెట్టుకుని వేసిన చిత్రకారుడికీ మనసులోంచి వేసినవాడికీ తేడా నాకు ఇట్టే తెలుస్తుంది. ఎదురుగా చూసినవాడు నగ ఒంటిని ఎక్కడ నొక్కుతుందో అది వేస్తాడు. కడియం కింద చర్మం కొద్దిగా లోపలికి పోతుంది. కాసులపేరులో కాసులన్నీ ఒకేలా వేలాడవు, ఒకటి రెండు తిరగబడి వెనక వైపు కనబడుతుంది. పాతపెట్టె గారూ, మీ ఇంటి చిత్రంలో ఇది చూడండి.

వైద్యశాల మెట్లు:

నేను వైద్యురాలిని. ఉద్యోగ విరమణ అయింది. ఈ చిత్రం గురించి చదివినప్పుడు ఒకచోట నాకు అడ్డు తగిలింది, అది ముందు చెబుతాను.

పెద్ద రాణి ముక్కు కింద, నోటి చుట్టూ చర్మం రంగు మారి ఉందని చాన్సలర్ అంటాడు. మశూచి పొక్కుల పెచ్చులు నూరి, ఆ పొడి ముక్కులోకి ఊదే పాత పద్ధతి వల్ల అలా అయి ఉండవచ్చని ఆయన ఊహ. అయితే ముక్కులోకి ఊదడం చైనాలో ప్రసిద్ధమైన పద్ధతి. మన దేశంలో ఆనాటి టీకాదారులు చేసింది వేరు. చేతి మీద చర్మం గీరి, పొక్కులోంచి తీసిన పదార్థం అంటించేవారు. బెంగాల్‌లో జరిగే ఈ పద్ధతిని కంపెనీ వైద్యుడు హోల్వెల్ 1767లోనే వివరంగా రాశాడు. అందుకని ఎడమవైపు అమ్మాయి ముఖం మీది నీడను అంత గట్టి సాక్ష్యంగా నేను తీసుకోలేను. వార్నిషు ముదిరినా అక్కడ నల్లబడవచ్చు.

చేయి సంగతి వేరు, అది నన్ను కదిలించింది. మశూచి పదార్థం బదులు ఆవు మశూచి రసంతో టీకా వేసిన జెన్నర్ ప్రయోగం 1796లో, ఆయన దాన్ని ప్రచురించింది 1798లో. మన దేశంలో ఈ కొత్త రకం టీకా మొదటిసారి 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేశారు. ఆనాడు టీకా సీసాలో ప్రయాణం చేసేది కాదు. ఒక బిడ్డకు టీకా వేస్తే వారం తిరిగేసరికి అక్కడ నీటిపొక్కు లేస్తుంది. ఎనిమిదో రోజు ప్రాంతంలో ఆ పొక్కు రసం తీసి ఇంకో బిడ్డ చేతిలో గీరి పెట్టాలి. ఆ బిడ్డ నుంచి ఇంకొకరికి. ఒక్కచోట గొలుసు తెగితే మళ్లీ మొదటికి రావాలి. బొంబాయి నుంచి హైదరాబాదు, కొచ్చిన్, తలశ్శేరి, చెంగల్పట్టు, మద్రాసు, చివరకు మైసూరు దాకా అది ఎక్కువగా పిల్లల చేతుల మీదుగానే వచ్చింది. ఆ పిల్లల పేర్లు ఎవరు రాసి పెట్టారు?

ఇక్కడ ఆలోచించండి. ఎవరో ముక్కూమొహం తెలియని బిడ్డ ఒంట్లోని రసం రాణి ఒంట్లోకి పోవాలి. ఏ కులం, ఏ మతం అన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎంత పెద్దదో నేను చెప్పనక్కర లేదు. పైగా మశూచి రోగం కాదు, అమ్మవారు. మన వైపు పోలేరమ్మ, ముత్యాలమ్మ. ఇంట్లో ఎవరికైనా పోస్తే "అమ్మవారు వచ్చింది" అని వేపమండలు కట్టి, తాలింపు మానేసి, తల్లిని చల్లబరిచి సాగనంపేవారు. అమ్మవారు రాకుండా సూదితో అడ్డం పడటం అపచారమనే భయం మా నాయనమ్మకు కూడా ఉండేది. అలాంటి కాలంలో పన్నెండేళ్ల రాణి చేయి చాపింది. ఆ రాణి ఈ చిత్రంలోని అమ్మాయే అయినా కాకపోయినా అది జరిగిన సంగతి, దర్బారు రికార్డులో ఉంది.

నంజనగూడు దారి:

డాక్టరు గారూ, మీరు చివర చెప్పిన మాట చాలా అవసరమైనది. రెండు విషయాలు కలిసిపోతున్నాయి. దేవాజమ్మణ్ణి టీకా వేయించుకుందనేది రాతమూలకమైన విషయం. ఈ చిత్రంలో ఉన్నది ఆమే అనేది ఒక పండితుడి ఊహ. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు. పత్రికల్లో ఈ రెంటినీ ముడివేసి ఒకే వాక్యంలో రాసేస్తున్నారు.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. లక్ష్మమ్మణ్ణి భర్త 1766లో పోయాడు. 1805 నాటికి ఆమెకు అరవై దాటి ఉండాలి. నడుమ ఉన్న ముఖం అరవై దాటిన ముఖమేనా? మీరంతా చిత్రాన్ని పెద్దది చేసి చూసి మీ అభిప్రాయం చెప్పండి.

కుంచెగీత:

నేను నూనె రంగుల చిత్రాలకు మరమ్మతు పని చేస్తాను. వయసు విషయం: ఆ కాలపు ఐరోపా చిత్రకారులు డబ్బిచ్చి వేయించుకునే వాళ్ల ముఖాల్లో పదేళ్లు సులువుగా తగ్గించేవారు. అందుకని ముఖం వయసు చూసి ఇటూ అటూ తేల్చను.

నన్ను ఆపేది పైట. మన వైపు గానీ మైసూరు వైపు గానీ పైట ఎడమ భుజం మీదుగా పోతుంది. ఎడమ చేతి పైభాగం సహజంగానే కప్పబడి ఉండే చోటు. చిత్రకారుడి ముందు గంటల తరబడి నిలబడే మనిషి ఆ బట్టను కావాలని తొలగించి, వేలితో అక్కడికే చూపిస్తోందంటే ఏదో చెప్పడానికే. మర్యాదకు భంగం రాకుండా టీకా చోటు చూపించడానికే ఆ ఏర్పాటని చాన్సలర్ అన్నది నాకు సబబుగా ఉంది. నాకైతే నగలకంటే, ముక్కు కింది నీడకంటే ఆ వేలే పెద్ద సాక్షి.

హిక్కీదే 1787 నాటి చిత్రం ఇంకొకటి డబ్లిన్‌లో ఐర్లాండు జాతీయ చిత్రశాలలో ఉంది. తివాచీ మీద కూర్చున్న ఒక భారతీయ స్త్రీ. ఆమె కలకత్తా వకీలు విలియం హిక్కీ దగ్గర ఉన్న జమ్‌దానీ కావచ్చని అంటారు. ఇంటిపేరు ఒకటే గానీ ఈ ఇద్దరూ వేరు వేరు మనుషులు. ఆ చిత్రానికి కూడా "కావచ్చు" అన్న మాట తప్పడం లేదు. ఆడవాళ్ల చిత్రాలకు ఆ మాట పట్టుకుని ఎందుకు వేలాడుతుందో నా ముప్పై ఏళ్ల పనిలో చూస్తూనే ఉన్నాను. మగవాడి చిత్రం వెనక పేరు, హోదా, తేదీ ఉంటాయి. ఆడమనిషి చిత్రం వెనక చెక్కపేడు, సాలెగూడు.

మొగలిరేకు:

ఒక విన్నపం. నాట్యగత్తెలు అనుకోవడమే ఈ స్త్రీలకు జరిగిన అవమానం అన్నట్టు పత్రికల్లో రాస్తున్నారు. ఆ మాట దగ్గర నాకు బాధ కలుగుతుంది. పొరపాటు గుర్తింపును సరిదిద్దాల్సిందే, అయితే నాట్యం చేసే స్త్రీ అని పిలిస్తే పరువు పోతుందా?

ఆ కాలంలో సొంత ఆస్తి, సొంత చదువు, సంతకం పెట్టే హక్కు ఉన్న స్త్రీలలో ఎక్కువమంది ఆ కులాల వాళ్లే. నంజనగూడు మిత్రుడి పేరులో ఉన్న ఆ ఊళ్లోనే 1878లో బెంగళూరు నాగరత్నమ్మ పుట్టింది. తెలుగు, సంస్కృతం, సంగీతం నేర్చి, గడించిన ఆస్తి అంతా తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించడానికి ధారపోసింది. ముద్దుపళని కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చు వేయించింది కూడా ఆమే. అలాంటి స్త్రీ ఎవరైనా నూరేళ్ల ముందు హిక్కీ ఎదురుగా నిలబడి, చూపు దించకుండా చూసి ఉంటే అందులో తక్కువతనం ఏముంది?

నంజనగూడు దారి:

మొగలిరేకు గారూ, మీరు చెప్పింది న్యాయం. ఆ కోణంలో ఆలోచించలేదు, ఇకమీద జాగ్రత్తగా రాస్తాను. చాన్సలర్ వాదన మాత్రం పరువు గురించి కాదు, ఘోషా గురించి. రాణివాసం స్త్రీలు పరదేశి మగవాడి ఎదుట ఇలా తీరిగ్గా నిలబడటం ఆనాడు పెద్ద రచ్చ కాగల విషయం. ఉత్త చిత్రం కోసమైతే వడయార్లు ఆ సాహసానికి ఒడిగట్టరు, వెనక బలమైన కారణం ఉండి తీరాలి అని ఆయన తర్కం.

ఏటిగట్టు:

ఆ తర్కంలో ఒక చిక్కు ఉంది. జనానికి టీకా మీద నమ్మకం కలిగించడానికే ఈ చిత్రం అంటున్నారు. గోడకు వేలాడే ఒక్క చిత్రాన్ని ఎంతమంది చూస్తారు? రాణిగారు టీకా వేయించుకున్నారని ఊరూరా దండోరా వేయిస్తే చాలదా? నాకు అనిపించేది వేరు. ఈ చిత్రం మైసూరు జనం కోసం వేసింది కాదు, కంపెనీ దొరల కోసం వేసింది. మమ్మల్ని గద్దె ఎక్కించారు, మీ మందును మా ఇంటి ఆడపిల్లల ఒంట్లోకి రానిచ్చాం, చూడండి అని చెప్పడం. ముప్పై ఏళ్లు మంతనాలు నడిపిన ముసలి రాణికి అలాంటి లెక్క తెలియకుండా ఉంటుందా?

కుంచెగీత:

ఏటిగట్టు గారి ఊహ నాకు నచ్చింది. నడుమ ముఖం నాకు ఇప్పుడు ఇంకోలా కనబడుతోంది.

పాతపెట్టె గారూ, మీ చిత్రం సంగతి ఏమైంది? చట్రం విప్పకుండానే మూడు పనులు చేయండి. పగటి వెలుతురులో కిటికీ పక్కన పెట్టి, వెలుగు ఏటవాలుగా పడేలా చూడండి. భూతద్దంతో ముఖం ఒకసారి, నగలు ఒకసారి, చేతివేళ్లు ఒకసారి చూడండి. ఫొటో తీసి దాని మీదే రంగులు వేసే అలవాటు అప్పట్లో విరివిగా ఉండేది, అలాగైతే రంగు కింద కాగితం నునుపు తెలుస్తుంది. గుడ్డ మీద వేసినదైతే నేత కనబడుతుంది. తడిబట్ట మాత్రం తగిలించకండి. బంగాళాదుంప ముక్కతో రుద్దమని, కొబ్బరినూనె రాయమని చెప్పేవాళ్లు ఉంటారు, వినకండి.

పాతపెట్టె:

మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను. కుంచెగీత గారూ, మీ హెచ్చరిక మాకు పాతికేళ్లు ఆలస్యమైంది. అప్పట్లో మా మామయ్య చట్రాలు కట్టే ఒక దుకాణంలో దీన్ని "శుభ్రం" చేయించాడు. పెదవుల మీద వాళ్లు దిద్దిన ఎరుపు ఇప్పటికీ వేరే మనిషి పెదవుల్లా ఉంటుంది. కుడి చెంప మీద రుద్దిన చోట గుడ్డ నేత తేలింది. అమ్మ ఆ రోజు భోజనం చేయలేదు.

ఈ ఉదయం మీరు చెప్పినట్టు కిటికీ దగ్గర పెట్టి చూశాను. గుడ్డ మీద వేసిందే. ముఖం చదునుగా ఉంది, రెండు చెంపల మీదా ఒకే వెలుగు. కళ్లు ఎటూ చూడవు. నగల దగ్గరికి వచ్చేసరికి నా ఒళ్లు జలదరించింది. చంద్రవంక గారూ, కాసులపేరులో ఎడమవైపు నుంచి నాలుగో కాసు తిరగబడి ఉంది! వంకీ మీది ఒక కెంపు రాలిపోయి, ఖాళీ గూడు నల్లగా ఉంది. ఆ గూటిని కూడా వేశాడు. ఇన్నేళ్లలో ఒక్కరమూ చూడలేదు.

వేళ్లు మాత్రం ముద్దగా ఉన్నాయి, గోళ్లు లేవు.

చంద్రవంక:

రాయి రాలిన గూడు వేశాడా! అయితే ఆ నగ అతని కళ్లెదుట ఉంది, సందేహం లేదు. కొత్తగా చేయించి మెప్పు కోసం పెట్టుకున్నది కాదు, పుట్టింటి నుంచి వచ్చి, వాడి వాడి అరిగిన వంకీ అయి ఉంటుంది.

కుంచెగీత:

నేనైతే ఇలా చదువుతాను. ముఖం ఫొటో చూసి వేశాడు. ఫొటోలో వెలుగు అలాగే చదునుగా పడుతుంది. నగలు ఎదురుగా పెట్టుకుని వేశాడు. చేతులు ఫొటోలో సరిగ్గా పడి ఉండవు, ఊహించి పూర్తి చేశాడు. ఇలాంటి చిత్రాలు నా దగ్గరికి చాలా వచ్చాయి. ఘోషా పాటించే ఇళ్లలో ఫొటోకు కూర్చోవడం కూడా కష్టమే ఆ రోజుల్లో. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, ఫొటోలు తీయడానికి ఒక దొరసానిని నియమించింది అందుకే.

చెంప దగ్గర రంగు ఇంకా రాలుతుంటే ఆలస్యం చేయకండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిరక్షణ విభాగం ఉంది, వెళ్లి అడగండి. దుకాణాల వాళ్లకు మళ్లీ ఇవ్వకండి.

వైద్యశాల మెట్లు:

పాతపెట్టె గారూ, మీ ఇంట్లో వయసులో అందరికంటే పెద్దవారు ఎవరు? వాళ్లను అడిగారా? మా ఊళ్లో ఇలాంటి విషయాలన్నీ ఎవరో ఒక ముసలమ్మ దగ్గర భద్రంగా ఉంటాయి, అడిగేవాళ్లే ఉండరు.

పాతపెట్టె:

అడిగాను. మా చిన్నమ్మమ్మ, అంటే అమ్మమ్మ చిన్న చెల్లెలు, బందరులో ఉంటారు. తొంభై దాటింది. చెవులు సరిగ్గా వినబడవు గనుక ఫోనులో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నిన్న బస్సెక్కి వెళ్లాను.

చిత్రం ఫోనులో చూపిస్తే కళ్లద్దాలు తెప్పించుకున్నారు. చాలాసేపు చూశారు. "నాయనమ్మ" అన్నారు. ఆ పటం వేసిన ఆయన నాయనమ్మను చూడనే లేదట. గదిలో కూర్చోబెట్టి తీసిన ఫొటో ఒకటి ఇచ్చారట. నగలు మాత్రం వెండి పళ్లెంలో పెట్టి, పైన జరీ కండువా కప్పి, రోజూ పొద్దున వీధి అరుగు మీదికి పంపేవారట. ఆయన వాటిని చూసి వేసేవాడట. సాయంత్రం లెక్కపెట్టి లోపలికి తీసుకెళ్లేవారు. చిన్నమ్మమ్మ ఇది వాళ్ల అమ్మ నోట విన్నారు. కుంచెగీత గారూ, చంద్రవంక గారూ, మీరు దూరాన ఉండి చెప్పింది అక్షరాలా నిజమైంది.

పేరు అడిగాను. నన్ను వింతగా చూశారు. "నా పేరే కదే" అన్నారు.

మేమంతా ఆవిడను పుట్టినప్పటి నుంచి పాపాయమ్మ అని పిలిచాం. అమ్మ కూడా అదే పేరనుకుంది. నాయనమ్మ పేరు ఆవిడకు పెట్టారు. కోడలు అత్తగారి పేరు నోటితో పలకకూడదు, కన్నకూతురిని పిలవడానికి కూడా పలకకూడదు. అందుకని తల్లి పాపాయి అని పిలిచింది, ఊరంతా పాపాయమ్మ అంది. అసలు పేరు రేషను కార్డులో, ఇంటి పన్ను రసీదులో, పింఛను పుస్తకంలో తొంభై ఏళ్లుగా ఉంది. ఆ పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. పేరు ఇక్కడ రాయను, అది మా ఇంటి వాళ్లకు నేనే వెళ్లి చెప్పాలి.

వచ్చేముందు డాక్టరు గారి మాటలు గుర్తొచ్చి, చిన్నమ్మమ్మ ఎడమ చేయి చూపించమన్నాను. జాకెట్టు చెయ్యి పైకి జరిపారు. రెండు గుండ్రని టీకా మచ్చలు, ముడతల్లో పాత కాసుల్లా ఉన్నాయి. "ఊళ్లో అందరూ పారిపోయారు, నేను పారిపోలేదు" అన్నారు.

ఏటిగట్టు:

అమ్మా, నాకు కళ్లు చెమర్చాయి. ఆవిడ మాటలు ఇంకా ఉన్నప్పుడే ఫోనులో రికార్డు చేసి పెట్టండి. మంతనాలన్నీ మానేసి వచ్చే వారమే మళ్లీ వెళ్లండి.

నంజనగూడు దారి:

ఇద్దరు దేవాజమ్మణ్ణుల గురించి నేను పడిన చిక్కు ఇప్పుడు కొత్తగా అనిపిస్తోంది. ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఎవరు ఎవరో తేల్చలేమని విసుక్కునేవాణ్ణి. మీ ఇంట్లో ఆ ఒకే పేరే ఇద్దరినీ కాపాడింది.

పాతపెట్టె:

ఒక సలహా కావాలి. పేరు చిత్రం వెనక రాద్దామని అనుకుంటున్నాను. పెన్నుతోనా, పెన్సిలుతోనా?

కుంచెగీత:

గుడ్డ మీద ఏదీ రాయకండి, సిరా కొన్నేళ్లకు ముందు వైపు తేలుతుంది. మంచి నూలు కాగితం మీద పెన్సిలుతో రాయండి. పేరు, ఎవరి కూతురు, ఎవరి భార్య, ఎవరికి నాయనమ్మ, పళ్లెం సంగతి, మీకు ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు. ఎవరి కూతురు అన్నది ముందు రాయండి. జిగురు పూయకుండా కవరులో పెట్టి, నూలు దారంతో చట్రం వెనక చెక్కకు కట్టండి. ఇంకో నకలు చిన్నమ్మమ్మ గారి పింఛను పుస్తకంలో ఉంచండి.

పాతపెట్టె:

ఎవరి కూతురో అడగలేదు! ఆదివారం మళ్లీ బందరు వెళ్తున్నాను.